తాయారు చెయ్యి

ఇలా రా కౌముదీ. ఆ కంప్యూటరు కాసేపు కట్టేసి వచ్చి నా పక్కన చాప మీద కూర్చో. ఇంకా దగ్గరగా జరుగు. నా గొంతు ఇదివరకటిలా వీధి చివరిదాకా పోదు. పైగా ఇది వీధికి చెప్పే మాట కాదు, నీకు చెప్పేది. మీ తాయారత్త లేసులు ఇచ్చి రావడానికి నరసాపురం వెళ్ళింది. అది తిరిగొచ్చేలోపు చెప్పెయ్యాలి. ఇంట్లో ఉంటే ఈ సంగతి ఎత్తనివ్వదు. ఎత్తామంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంది.

పొద్దున్న ఇడ్లీలు తింటూ కాలేజీలో జరిగిన పాఠం చెప్పావు కదూ. దేశంలో ఎన్ని బల్లల మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోందో మీ మేడం బోర్డు మీద గుండ్రంగా గీసి, ముక్కలు కోసి చూపించిందన్నావు. అందులో సగానికి పైగా ముక్క ‘తోడు’దేనన్నావు. మనిషిని కసరకుండా, తొందరపెట్టకుండా పనిచేసే సిస్టమ్ అదొక్కటేనని, ఆ ఓర్పుని కనిపెట్టిన చక్రధర్ గారి కూతురు ఈ క్లాసులోనే ఉందని ఆవిడ అనేసరికి అందరూ నీకేసి తిరిగి చూశారన్నావు. చెబుతుంటే నీ మొహం వెలిగిపోయింది. నేను నీ కంచంలో ఇంకో ఇడ్లీ వేశాను.

తర్వాత గిన్నెలు తోముకుంటూ ఆలోచించాను. నేను పోతే ఈ సంగతి చెప్పేవాళ్ళు ఎవరున్నారు? మీ అత్త చెప్పదు. మీ నాన్న చెప్పలేడు. మీ నాన్న గురువు సత్తిరాజు మాస్టారు ఉన్నారో లేరో కూడా తెలియదు. కాబట్టి విను తల్లీ. ఆ ఓర్పు మీ నాన్నది కాదు.

నాకు అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప చదువు లేదని నీకు తెలుసు. కానీ జరిగింది జరిగినట్టు నా బుర్రలో ఉంటుంది. ఎవరు ఏ గుమ్మంలో నిలబడి ఏ మాట అన్నారో, అప్పుడు పొయ్యి మీద ఏముందో కూడా చెప్పగలను.

మీ తాతయ్యకి ఈ పాలకొల్లులో అచ్చుల ప్రెస్సు ఉండేది. తాయారు సీసం అక్షరాల మధ్యే పెరిగింది. ప్రెస్సు మూతపడి, కంప్యూటర్లు వచ్చాక ఆ ముందు గదిలోనే డి.టి.పి. దుకాణం పెట్టుకుంది. పెళ్ళయిన ఏడాదికే దాని మొగుడు మహానుభావుడు ఇంకో సంసారం చూసుకున్నాడు. ఇది ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు, వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. శుభలేఖలు, పుష్పవతి కార్డులు, సంస్మరణ కరపత్రాలు, చర్చి పాటల పుస్తకాలు, అన్నీ అదే కొట్టేది.

శుభలేఖలు కొట్టడం ఎంత ప్రాణాంతకమో నీకేం తెలుసు. కార్డు మీద పేర్ల దగ్గరే ఇళ్ళు విడిపోతాయి. ఎవరో పెళ్ళికొడుకు తండ్రి కోపంగా వచ్చి, మా అన్నయ్య పేరు తీసెయ్యమ్మా అనేవాడు. తాయారు ఎదురు చెప్పేది కాదు. తీసెయ్యడానికి చెయ్యి చాపి, నొక్కేముందు వేళ్ళు ఒక్క రవ్వ పైకెత్తి ఆగేది. ఆ ఆగిన కాసేపట్లో ఆయన మొహంలోకి చూసి, ఉంచమంటారా బాబాయిగారూ అని అడిగేది. ఆయన మంచినీళ్ళు తాగి, గోడకేసి చూసి, సర్లే ఉంచెయ్యమ్మా అనేవాడు. ఈ ఊళ్ళో ఎన్ని పేర్లు అలా కార్డుల మీద నిలబడిపోయాయో.

ఇక మీ నాన్న. హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చి, మన మేడ మీద రేకుల గదిలో ల్యాబు పెట్టాడు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన సత్తిరాజు మాస్టారు వాడికి గురువు, సాయం కూడా. అప్పట్లో ఏ కొట్టుకెళ్ళినా కంప్యూటర్లలో ఒక పెద్ద కంపెనీదే నడిచేది. ఒకటి రెండు ఫొటో స్టూడియోల్లో ఇంకోటి ఉండేది, అద్దంలా మెరిసేది, ఖరీదైనది. మూడోది ఊరికే వచ్చేది. దాని కోసం చదువుకున్న కుర్రాళ్ళు సినిమా హీరోల కోసం కొట్టుకున్నట్టు కొట్టుకునేవారు. మీ నాన్న ఆ మూడోదానికి అభిమాని. అంత మంచిదైతే జనం ఎందుకు వాడరురా అని అడిగితే వాడికి ఒళ్ళు మండేది. జనానికి మంచీచెడ్డా అక్కర్లేదమ్మా, పక్కవాడి బల్ల మీద ఏముంటే అదే కావాలి అనేవాడు. పక్కవాడి బల్ల మీద తనది ఉండాలని వాడి పంతం.

ఒకరోజు కాఫీ కోసం వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. నేను గోరువెచ్చటి పాలల్లో తోడు వేస్తున్నాను. వాడు ఉత్సాహంలో ఉన్నాడు. కీబోర్డుకి కింద, బొటనవేళ్ళు ఆనేచోట రాగి రంగు పలక ఒకటి పెట్టాడట. కొత్త కంప్యూటరు మీద మొట్టమొదట ఎవరి చేతులు ఆనితే ఆ చేతుల వేడి, వణుకు, ఎక్కడ తొందరపడతాయి, ఎక్కడ ఆగుతాయి, అన్నీ లోపలికి పీల్చుకుంటుందట. ఆ తర్వాత ఆ మనిషి తీరే దాని తీరు. మళ్ళీ మారదట.

“ఇంతేనా, తోడేగా మరి. పుల్లటి తోడేస్తే పుల్లటి పెరుగే” అన్నాను నేను.

వాడు నవ్వి, మెట్లెక్కుతూ ఆ పేరే పైకి తీసుకుపోయాడు.

మొదట హైదరాబాదులో కొందరికి ఇచ్చి చూశారు. ఒక్కటీ నిలబడలేదు. తొందరమనిషి కంప్యూటరు వాడికన్నా ముందు పరిగెత్తి పని పాడుచేసేది. అనుమానం మనిషిది అడుగడుక్కీ అనుమానపడేది. ఒకాయన, ఇంట్లో మీరొక్కరు చాలరా అని మా ఆవిడ నవ్వుతోందండి అని వెనక్కి పంపేశాడు. తమలాంటి దాన్ని ఎదురుగా పెట్టుకుని ఎవరూ భరించలేకపోయారు. పెట్టుబడి పెట్టిన కంపెనీవాళ్ళు విసుక్కున్నారు. మీ నాన్న మిగిలిన మిషన్లు తెచ్చి మన ఊరి కొట్లకి, ఆఫీసులకి చవగ్గా ఇచ్చేశాడు.

ఇక్కడ మాత్రం అవి నిలబడ్డాయి. నిలబడటమేమిటి, తీగలా పాకాయి. మందుల కొట్టతన్ని చూసి బట్టల కొట్టతను, అతన్ని చూసి ఎరువుల కొట్టతను కొన్నారు. ఎవరినడిగినా ఒకటే మాట, అది ఆగుతుందండి. కోపంలో ఏదైనా తీసెయ్యబోతే ఆగి, ‘ఉంచమంటారా’ అని అడుగుతుందండి. తప్పు చేస్తే ఎర్రగా మెరవదండి. నీ కంప్యూటరూ అంతే కదూ? నువ్వు ఎప్పుడైనా ఆలోచించావా, ఆ మాట ఎవరిదో?

హైదరాబాదులో చతికిలబడ్డది పాలకొల్లులో ఎలా పరిగెత్తిందో మీ నాన్నకి అంతుపట్టలేదు. కొట్టు కొట్టుకీ తిరిగి కాయితాల మీద గీతలు గీసుకునేవాడు. ఒక్కొక్క యజమానిది ఒక్కొక్క తీరు కదా, మిషన్లన్నీ ఒకే తీరుగా ఎందుకున్నాయి?

అది తెలియాలంటే మన ఊరి బోణీ సంగతి తెలియాలి. ఫ్లెక్సీల పేర్రాజు కొట్టు తెరిచినరోజు అనుకోకుండా మొదటి బేరం తాయారుది. ఆ ఏడాది ఎన్నికలొచ్చి పేర్రాజు పంట పండింది. దాంతో తాయారు చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. భర్త వదిలేసిన ఆడదాన్ని శుభానికి పిలవడానికి జంకే మనుషులే, తాళంచెవి తెచ్చి దాని చేతికిచ్చేవారు. మీ అత్తకి ఆ పిలుపు ఎంతో నీకు తెలియదు. మేనత్త కొడుకు పెళ్ళిలో అక్షింతల పళ్ళెం దీని ముందు నుంచి పక్కకి తప్పించారు. అలాంటిది ఊరు ఊరంతా ఆటో పంపి పిలిపించుకునేది. పిలుపు వస్తే నా పాత పట్టుచీర తీసి కట్టుకుని, అద్దంలో రెండుసార్లు చూసుకుని వెళ్ళేది.

కొత్త కంప్యూటరు కొన్నవాళ్ళు దానికి పసుపు కుంకుమ పెట్టి కూర్చునేవారు, తాయారు వచ్చి మొదటి మాట కొట్టాలి. ‘శ్రీరామ’ అని కొట్టేది. మస్తాన్ కొట్లో బిస్మిల్లా కొట్టేది. పాస్టరుగారింట్లో ప్రార్థన అయ్యాక కొట్టేది. అక్కడితో ఊరుకోనిచ్చేవారా, అలాగే కూర్చుని మా కొట్టు పేరు కొట్టమ్మా, మా పిల్లల పేర్లు కొట్టమ్మా అని కాఫీ చల్లారేదాకా కొట్టించుకునేవారు.

సత్తిరాజు మాస్టారు ఒక మధ్యాహ్నం మన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. పేర్రాజు ఆటో దిగి వచ్చాడు. కొత్త మిషన్ కొన్నాడట. మీ నాన్న ఇచ్చినప్పుడే వాడుకోవచ్చుగా అని మాస్టారు అడిగారు.

“ఆయ్, భలేవోరండీ మీరు. తాయారమ్మగారు చెయ్యెట్టకుండా నేను స్విచ్చేత్తానా? మా బావమరిది తొందరపడి ముట్టుకోబోతే చెయ్యిరిసేత్తానన్నానండి” అన్నాడు పేర్రాజు.

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. తర్వాత వాళ్ళతోపాటు తనూ ఆటో ఎక్కి వెళ్ళారు. తిరిగొచ్చి నేరుగా మేడెక్కారు. నేను వెనకాలే కాఫీలు పట్టుకెళ్ళాను. ఆయన మీ నాన్నతో నెమ్మదిగా చెబుతున్నారు. ఈ ఊళ్ళో ఏ యజమానీ తన మిషన్ మీద మొదట చెయ్యి పెట్టలేదట. అన్నిట్లో ఉన్నది ఒకే చెయ్యట. తర్వాత ఎవరి తాళం వాళ్ళు పెట్టుకున్నా, అడుగునున్నది అదేనట.

“మనం చేసింది పనిచెయ్యలేదు చక్రధర్. వీళ్ళు చేసిన పొరపాటు పనిచేసింది” అన్నారాయన.

నేను కిందకి దిగి, ఉల్లిపాయలు తరుగుతున్న తాయారుతో అంతా చెప్పాను. అది కత్తిపీట మీద నుంచి లేచి నిలబడింది. నా చెయ్యేనా అమ్మా అంది. అన్నయ్యకి పనికొచ్చిందా అంది. ఆ ఉల్లిపాయల చేతులతోనే మేడెక్కింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం దుకాణం మూసి పైన కూర్చునేది. మీ నాన్న ఆ చెయ్యి తీరుకి కాపీ తీసుకోవాలన్నాడు. పలక మీద చేతులు పెట్టుకుని వాడు ఇచ్చిందల్లా కొట్టేది. కొట్టినది తీసెయ్యమనేవాడు, ఆగి తీసేది. కోపం తెప్పించడానికి వాడు కావాలని కసిరేవాడు, ఇది నవ్వేది. ఊరి బేరాలు పోయాయి. పోతే పోయాయి, అన్నయ్య పని ముందు అంది. ఇక నుంచి తయారయ్యే ప్రతి మిషన్లోనూ తాయారు చెయ్యి ముందే వేసి అమ్ముతారట. ఒకటే షరతు పెట్టాడు వాడు, ఇప్పట్లో ఎవరికీ చెప్పొద్దని. చెయ్యి ఎవరిదో బయటికి పొక్కితే పోటీవాళ్ళు ఎత్తుకుపోతారన్నాడు.

“టైమొచ్చినప్పుడు నేనే చెప్తాను చెల్లీ. నలుగురిలో నిలబెట్టి నీ పేరు చెప్తాను. నాదీ పూచీ” అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. వాడు దాని తల మీద చెయ్యి వేసి అన్నాడు.

తాయారు ఎవరికీ చెప్పలేదు. పేర్రాజుతో కూడా.

‘తోడు’ జిల్లా దాటింది. పెద్ద కంపెనీది వాడేవాళ్ళు కూడా కుర్చీ మార్చినంత తేలిగ్గా దీనికి మారిపోయారు. ఆఖరికి ప్రభుత్వం ఆఫీసులన్నిటికీ, బళ్ళన్నిటికీ ఒకే సిస్టమ్ పెట్టాలని, జనం ఎక్కువగా వాడుతున్నదీ, భద్రమైనదీ ఏదో చూసి తీసుకుంటామని ప్రకటించింది. మీ నాన్నకి నిద్రాహారాలు లేవు. నువ్వు అప్పుడు మీ అమ్మ కడుపులో ఉన్నావు.

సరిగ్గా అప్పుడే పేర్రాజు కొట్లో ఒక శుభలేఖ అవసరం పడింది. పనివాడు రాలేదు. తాయారమ్మగారూ మీరే కొట్టి పెట్టండి అని కుర్చీ చూపించి, తను టీ చెప్పడానికి వెళ్ళాడు. ఇది పలక మీద చెయ్యి ఆనించింది. పేర్రాజు పెట్టుకున్న తాళాలన్నీ తీసుకుని మిషన్ తెరుచుకుంది. దానికి ఇది సొంత యజమానురాలు కదా. అన్నదమ్ములకి తెలియకుండా పేర్రాజు దాచుకున్న వ్యాపారమంతా తెర మీద పరిచి ఉంది. టీ గ్లాసులతో వచ్చి చూసిన పేర్రాజు మొహం పాలిపోయింది.

తాయారు మూసెయ్యబోయింది. అతను వినలేదు. రెండు రోజులకల్లా బట్టల కొట్లో, చిట్ఫండ్ ఆఫీసులో దీన్ని ఏదో వంకతో పిలిచి ముట్టుకోమన్నారు. అన్నీ తెరుచుకున్నాయి. ఊరు ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. బోణీ పేరుతో కూర్చున్నప్పుడే ఏదో పెట్టేసిందన్నారు. ఇన్నాళ్ళూ మన ఇళ్ళలోకి తొంగి చూస్తోందన్నారు. మొగుడు ఊరికే వదిలేశాడా అని కూడా అన్నారు. ఏ చెయ్యిని ఆటో పంపి పిలిపించుకున్నారో ఆ చెయ్యినే దొంగచెయ్యి అన్నారు.

తాయారు ఒక్కరితోనూ వాదించలేదు. అన్నయ్య చెబుతాడులే అమ్మా, అంది నాతో. ఇప్పుడే కదా టైము అంది. మీ నాన్న కూడా దానితో, కంపెనీవాళ్ళు వస్తున్నారు, వర్తక సంఘం హాల్లో మీటింగు పెడుతున్నాను, నువ్వు వచ్చి వాళ్ళు చెప్పినట్టు ముట్టుకో, తర్వాత నేను మాట్లాడతాను అన్నాడు. అది పట్టుచీర కట్టుకుంది.

హాలు నిండిపోయింది. గోడ వెంబడి బల్లలు వేసి ఊరివాళ్ళ మిషన్లు తెచ్చి పెట్టారు. హైదరాబాదు నుంచి కంపెనీలోని ఒకావిడ, సర్కారు తరఫు మనుషులు వచ్చారు. సత్తిరాజు మాస్టారు చివరి వరసలో కూర్చున్నారు. తాయారు మొదటి బల్ల దగ్గర చెయ్యి పెట్టింది, తెరుచుకుంది. రెండోదీ తెరుచుకుంది. అలా బల్ల బల్లకీ వెళుతుంటే, దాని వెనకాల ఒక్కొక్క తెరే దీపాలు వెలిగించినట్టు వెలుగుతూ వచ్చింది. నిజం చెప్పనా, నాకు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. దాని మొహంలో కూడా భయం లేదు. ఆఖరి బల్ల దగ్గర పలక మీద చెయ్యి ఉంచి, మీ నాన్నకేసి చూసి నిలబడింది.

కంపెనీ ఆవిడ అడిగింది, ఇది మీరు తయారుచేసినదాంట్లో ఉన్నదేనా చక్రధర్ గారూ అని.

ఔనని ఉంటే, ఒక్క మనిషి చెయ్యి దేశంలో తాళాలన్నీ తీస్తుందని ఒప్పుకున్నట్టే. సర్కారువాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. అది నాకు ఇప్పుడు తెలుసు. వాడికి అప్పుడే తెలుసు.

“లేదండి” అన్నాడు. “ఆవిడ మా ల్యాబులోకి వస్తూ పోతూ ఉండేది. ఈ ఊళ్ళో ప్రతి మిషన్ మీదా మొదట తనే కూర్చుంది. అప్పుడేం చేసిందో నాకు తెలీదు. ఈ ఊరి మిషన్లలోనే ఉందిది. సరిచేసేస్తాం.”

ఆవిడ అన్నాడు. ఒకే పొయ్యి మీద వండిన అన్నం, ఒకే కంచంలో తిన్న చెల్లెలిని, ఆవిడ అన్నాడు.

నేను లేచాను.

“ఒరేయ్ చక్రం, నీ పక్కన కూర్చోబెట్టుకుని దాని చెయ్యి తీసుకున్నావు కదరా” అన్నాను.

వాడు నాకేసి చూడలేదు. కంపెనీ ఆవిడకేసే చూస్తూ, “మా అమ్మండి. చదువుకోలేదు. ఇవన్నీ ఆవిడకి అర్థం కావు” అన్నాడు. కొందరు నవ్వారు కూడా.

సత్తిరాజు మాస్టారికేసి చూశాను. ఆయన చెప్పులకేసి చూసుకుంటున్నారు. ఆ వారంలోనే ఊరు వదిలి వెళ్ళిపోయారు.

తాయారు ఏం చేసిందో తెలుసా? పలక మీద నుంచి చెయ్యి తీసి, పట్టుచీర కొంగుతో ఆ పలక తుడిచింది. పరాయివాళ్ళ వస్తువు ముట్టుకుని మురికి చేసినట్టు, శుభ్రంగా తుడిచి పెట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. దారిలో ఎండగా ఉందని నా తల మీద తన కొంగు కప్పింది.

సరిచేస్తామన్నాడు కదా, చేశాడు. ప్రతి మిషన్లోకీ ఏదో పంపించాడు. ఆ చెయ్యి తీరు మిషన్లో ఉండాలి, కానీ ఆ చెయ్యే వచ్చి ముట్టుకుంటే మాత్రం మిషన్ ఆగిపోవాలి. తాయారు తన దుకాణంలో తన కుర్చీలో కూర్చుని, సగంలో ఉన్న కార్డు పూర్తి చెయ్యబోయింది. తెర నల్లబడింది. చెయ్యి తీసింది, వెలిగింది. పెట్టింది, నల్లబడింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అలా ఎన్నిసార్లు చేసిందో. పోనీ వేరే సిస్టమ్ వేసుకోమన్నాను. ఆ కార్డులు కొట్టించుకునే మనుషులే రావడం మానేశాక ఏది వేసుకుంటే ఏం? గుమ్మంలోకి ఆటో రాలేదు. పట్టుచీర పెట్టెలోకి పోయింది. బ్యాంకుకెళితే మిషన్ ఆగిపోయేది, లైన్లో ఉన్నవాళ్ళు గొణిగేవారు, అందుకని అది బయట చెట్టు కింద నిలబడేది, నేను లోపలికి వెళ్ళి వేలిముద్ర వేసేదాన్ని. రేషను దగ్గరా అంతే, ఆసుపత్రిలో చీటీ రాయించుకునేచోటా అంతే. ‘తోడు’ ఎంత పాకితే దీనికి అన్ని తలుపులు మూసుకున్నాయి. నీ మేడం గీసిన గుండ్రంలో ఆ పెద్ద ముక్క ఉంది చూశావూ, అదంతా మీ అత్త అడుగుపెట్టలేని చోటు.

నరసాపురం నుంచి లేసులు అల్లించుకునే మరియమ్మ అనే ఒకావిడ వచ్చి సూదీ దారం ఇచ్చింది. ఆమెకి ఈ ఊరి మాటలు పట్టవు. దానికి ఆ పని దొరికింది.

మీ నాన్న హైదరాబాదు వెళ్ళిపోయాడు. పేరు వచ్చింది. నువ్వు పుట్టావు. వాడు తిన్నాడో లేదో అని ఇప్పటికీ అన్నం ముందు నాకు గుర్తొస్తాడు, అది నా చేతిలో లేదు. మీ అత్త వాణ్ణి ఒక్క మాట అనగా నేను వినలేదు. అలాగని వాడి పేరు పలకగా కూడా వినలేదు.

పోయిన వేసవిలో వాడు కారు వేసుకుని వచ్చాడే, మామిడిపళ్ళు, చీరలు తెచ్చాడే, నాన్న మనసు మారిందని నువ్వు ఫోనులో సంబరపడ్డావే, ఆ రోజు జరిగింది చెబుతాను. ఇప్పుడు పలకలు కొత్తరకం వచ్చాయట. పాత కాపీ వాటిలోకి దిగడం లేదట. మళ్ళీ మొదటి చెయ్యే కావాలట. ఎంతమంది చేతులు పెట్టి చూశారో, ఆ ఓర్పు ఎవరి దగ్గరా రాలేదట. వరండాలో తాయారు లేసు అల్లుకుంటోంది. వాడు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. క్షమించమనలేదు. పళ్ళు తీపిగా ఉన్నాయి తినమన్నాడు. నేను లోపలి నుంచి, పెట్టకే తాయారూ అన్నాను. అది విననట్టే ఉంది.

“ఒక్కసారి చెయ్యి పెట్టమ్మా” అన్నాడు.

అది లేసు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, పలక మీద పెట్టింది. వాడు కొట్టమన్నది కొట్టింది, తీసెయ్యమన్నది తీసేసింది. తెర మీద రెండు గీతలు వస్తున్నాయి. ఒకటి పాతది, కాలవలో నీళ్ళలా మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది. ఇప్పటిది సూదితో లాగినట్టు తిన్నగా పోతోంది. చివర్లో నాలుగు మాటలు వచ్చాయి, నేను కూడబలుక్కుని చదివాను. ‘కొత్త చెయ్యి. మీరు ఎవరు?’

వాడు పలక తుడిచాడు. మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ అదే మాట.

“బిగించకు. ఇదివరకు పెట్టినట్టు పెట్టు” అన్నాడు.

“అలాగే పెట్టానన్నయ్యా.”

“లేదు తాయారూ. నువ్వు ఎక్కడా ఆగట్లేదు.”

“ఎవరికోసం ఆగాలి?” అంది అది. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

వాడు మిషన్లోనే ఏదో లోపం ఉన్నట్టుందని గొణిగాడు.

“దాన్నేం అనకు. ఉన్నదే చెప్పింది” అని తాయారు లేసు అందుకుంది.

వాడు వెళ్ళేముందు నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కారు కదిలాక అది ఆ మామిడిపళ్ళన్నీ పక్కింటి పిల్లలకి పంచేసి వచ్చింది.

అదమ్మా సంగతి. కొత్త పలకల్లోకి ఆ చెయ్యి దిగదు. పాత మిషన్లు ఒక్కొక్కటీ పాతసామాన్ల కొట్టుకి పోతున్నాయి. ఆ నల్లటి పెట్టెల్లో తప్ప, ఎవరినైనా నమ్మి ఆగే తాయారు ఇంకెక్కడా లేదు. నా కూతురు నా పక్క మంచం మీదే పడుకుంటుంది, నేను కన్న పిల్ల మాత్రం ఊళ్ళవాళ్ళ బల్లల మీద ఉంది. అవీ పోయాక ఇక ఎవరికీ తెలియదు, అలాంటి మనిషి ఒకత్తె ఉండేదని.

నాన్నతో పోట్లాడమని నీకు చెప్పడం లేదు. నాన్న చేసిందానికి నువ్వు తల దించుకోనూ అక్కర్లేదు. కానీ మీ మేడం మళ్ళీ ఆ గుండ్రం గీసినప్పుడు లేచి నిలబడు. ఆ ఓర్పు మా నాన్నది కాదండి, మా తాయారత్తది, అని చెప్పు. పేరు పూర్తిగా చెప్పు, మంగతాయారు. ఊరి పేరు చెప్పు. హాల్లో ఆమెని ఏమన్నారో కూడా దాచకుండా చెప్పు. చదువులేనిదాన్ని నేను చెబితే నవ్వారు, నువ్వు చెబితే నవ్వరు. విన్నవాళ్ళని ఇంకొకళ్ళకి చెప్పమను.

అదుగో, గేటు చప్పుడు. వచ్చేసింది. కళ్ళు తుడుచుకో, మంచినీళ్ళు పట్టుకెళ్ళి ఇవ్వు. దాని ముందు ఏమీ అనకు. మరిచిపోకు మాత్రం.